లేవని ముల్లు

మర్రిపాలెంలో సింహాద్రి మాస్టారి దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా ఆయన జవాబు చెప్పేవారు కారు, అడిగినవాడికి ఏదో ఒక పని చెప్పేవారు. మనసు నిలకడగా ఉండడం ఎలాగండీ అని అడిగిన ఒక బ్యాంకు ఆఫీసరు చేత మేడమీది నీళ్లట్యాంకు కడిగించారు. మోక్షం అంటే ఏమిటండీ అన్న పెద్దమనిషిని రైతుబజారుకి పంపి ములక్కాడలు తెప్పించారు, ముదురువి తెచ్చాడని మళ్లీ పంపారు. ఇదేం వేదాంతం బాబూ అని కొందరు మానేశారు. మానెయ్యనివాళ్లు ఆదివారం పొద్దున్నే వచ్చి ఆయన వరండాలో చాపల మీద కూర్చునేవారు. చాదస్తమో చమత్కారమో గాని, ఆయన చెప్పిన పని చేసి వచ్చాక అదే ప్రశ్న మళ్లీ అడిగినవాడు లేడు.

మాస్టారు పుట్టు వేదాంతి ఏమీ కాదు. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. వయసులో ఉండగా రేసు కార్లకి ఇంజన్లు కట్టిన చెయ్యి ఆయనది. ఆయన దగ్గర ఇంజను నేర్చుకున్నవాళ్లే ఇప్పుడు వేదాంతానికీ వచ్చి కూర్చుంటున్నారు. గురువుని మార్చకుండా సబ్జెక్టు మార్చుకున్నారన్నమాట. అలాంటివాళ్లలో పోర్టులో ఉద్యోగం చేసే కిరీటి ఒకడు, కంచరపాలెంలో క్రాంకులు, అంటే ఇంజన్లో తిరిగే ఇరుసులు, సానపట్టే షెడ్డు నడిపే పైడిరాజు ఒకడు. ఇద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నారు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకర్నొకరు బావా అనుకునేవారు.

మాస్టారు చలికాలమంతా నాగపూర్లో కూతురి దగ్గర ఉండి వచ్చాక అది మొదటి పాఠం. పైడిరాజు ఎప్పుడూ కూర్చునే చోటు, స్తంభం పక్కన, ఖాళీగా ఉంది. కిరీటి మాత్రం అందరికంటే ముందే వచ్చి కూర్చున్నాడు. కూర్చున్నాడన్న మాటే గాని మోకాలు ఒకటే ఊపుతున్నాడు. గోళ్లలో నల్లటి ఆయిలు మరక, కళ్ల కింద వాపు. మాస్టారు ఇంకా కళ్లజోడు తుడుచుకుంటూ ఉండగానే అందుకున్నాడు.

"మాస్టారూ! తప్పు చేసినవాణ్ణి తప్పు చేశావురా అని మొహం మీద అనడం కోపమా, ధర్మమా?"

తెలియక అడుగుతున్న గొంతులా లేదది. తీర్పు తనే రాసుకొచ్చి కింద సంతకం పెట్టమంటున్నట్టుంది. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని అతన్ని ఎగాదిగా చూశారు. తరవాత స్తంభం పక్కకి చూశారు.

"నీ ఇంజను మోగుతోందా?" అన్నారు.

పుండు మీద కారం చల్లినట్టయింది. కిరీటి కట్టలు తెంచుకుని చెప్పడం మొదలుపెట్టాడు. మాస్టారు ఊళ్లో లేరు గనక ఆయనకి సగం కొత్త గాని, ఆ ఇంజను కథ పేటలో పాలవాడికి కూడా కంఠతా వచ్చు.

ఒకప్పుడు ర్యాలీల్లో కొండలెక్కి దిగిన పాత కారు ఒకటి కిరీటి సంపాదించాడు. దాని ఇంజను షెడ్డుకివ్వకుండా ఇంట్లోనే, తన చేతుల్తోనే విప్పి మళ్లీ కట్టాలని పంతం పట్టాడు. మామూలుగా కాదు, రేసు పిస్టన్లు, రేసు క్యామ్‌షాఫ్టు వేసి మరీ. కారు షెడ్డులో మొదలైన పని ఇల్లంతా పాకింది. పిస్టన్లు పూజగది అలమరలోకి, గ్యాస్కెట్లు మంచం కిందికి చేరాయి. ఒక రోజు అతని భార్య పావని ఇడ్లీ రేకులు తీస్తే గుంటకో జత చొప్పున వాల్వు లాకులు వరసగా సర్ది ఉన్నాయి. ఏ వాల్వువి ఆ వాల్వుకే పడాలి కదా, కలిసిపోకుండా అంతకంటే మంచి అర ఇంట్లో అతనికి కనబడలేదు. "ఇవి ఎంతసేపు ఉడకాలండీ?" అని మాత్రం అంది ఆ ఇల్లాలు. ఆ వారమంతా వాళ్లింట్లో ఉప్మాయే.

సరే, అక్కడితో ఆగిందా? అబ్బే. తెప్పించిన గ్యాస్కెట్టు వేరే మోడలుది వచ్చింది. తిప్పి పంపితే సరైనది చిరిగి వచ్చింది. ఆఖరి బోల్టు బిగిస్తుంటే తల తెగి మొండెం ఇంజను బ్లాకులోనే ఉండిపోయింది. దాన్ని తియ్యడానికి పెట్టిన పనిముట్టు దానిలోనే విరిగింది, గోరుచుట్టు మీద రోకలిపోటు. పిస్టను రింగు ఒకటి వేళ్ల మధ్యనే టప్పుమంది. కిరీటి ఒకటి దాటితే ఇంకొకటి, ఇంకొకటి దాటితే మరొకటి. ఆఫీసులో ఫైలు చూస్తూ బోల్టుల గురించి ఆలోచించేవాడు, అన్నం తింటూ లేచి వెళ్లి ఏదో కొలిచి వచ్చేవాడు. ఎవరైనా పలకరిస్తే మీద పడేవాడు.

అన్నీ అయ్యాక ఇంజను కారులోకి ఎక్కించి తాళం తిప్పితే గర్జించింది. కిరీటి కళ్లలో నీళ్లు తిరిగాయి. కాని ఆయిల్ ప్రెషర్ చూపించే ముల్లు మాత్రం లేవలేదు. అడుగునే పడుకుని ఉంది. ప్రెషర్ లేకపోతే లోపల తిరిగేవాటికి ఆయిలు అందదు, అలా తిప్పడమంటే ఖాళీ గిన్నెని పొయ్యిమీద మరిచిపోవడమే. గబుక్కున ఆపేశాడు.

ఇంజను దింపి, విప్పి, ఆయిలు పంపు కొత్తది వేశాడు. మళ్లీ కట్టాడు. ముల్లు లేవలేదు. మళ్లీ విప్పాడు, బేరింగులన్నీ కొత్తవి వేశాడు, మళ్లీ కట్టాడు. ముల్లు లేవలేదు. పంపు కొత్తది, బేరింగులు కొత్తవి, ఇక మిగిలింది క్రాంకు. ఇంట్లో మిషను లేదు గనక మొదట్లోనే దాన్ని పట్టి ఇచ్చింది పైడిరాజు. అవసరానికి మించి అరగదీసి ఉంటాడు, సందు ఎక్కువై ఆయిలు జారిపోతోంది. లెక్క తేలిపోయింది. కిరీటి తన దగ్గరున్న చవకరకం మైక్రోమీటరుతో కొలిస్తే అది ఒక్కోసారి ఒక్కో అంకె చెప్పింది. తనకి కావలసిన అంకె చెప్పినసారి దాన్ని నమ్మాడు.

నమ్మి ఊరుకుంటే పోయేది. మెకానిక్కులందరూ ఉండే ఫోను గ్రూపులో, పైడిరాజు చేతికి క్రాంకు ఇవ్వడమూ బావిలో పడెయ్యడమూ ఒకటే అని రాశాడు. పోర్టు ఉద్యోగి, సింహాద్రి మాస్టారి శిష్యుడు రాసిన మాటాయె, జనం నమ్మారు. ఇచ్చిన పనులు వెనక్కి పట్టుకుపోయారు. మర్నాడు మిట్టమధ్యాహ్నం పైడిరాజు స్కూటరు మీద కిరీటి ఇంటికొచ్చాడు. చేతిలో తన మైక్రోమీటరు పెట్టె ఉంది.

"ఏటి బావా ఇది? నేను కావాలని చేస్తానా? గేటు తియ్యి. ఒక్కసారి నా ముందర కొలు. తప్పు నాదైతే నా ఖర్చుతో మళ్లీ పట్టిస్తాను."

"కావాలని చేసినా, కాక చేసినా పోయింది నా ఇంజనే," అన్నాడు కిరీటి లోపలినుంచే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, తప్పు లేకపోతే ఇంత ఎండలో వస్తాడా అని కూడా అనుకున్నాడు. పైడిరాజు కాసేపు ఎండలో నిలబడి వెళ్లిపోయాడు. కిటికీలోంచి చూసిన పావని, "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందండీ," అంది. ఆ రోజు ఆవిడకీ పడ్డాయి చీవాట్లు.

ఇదంతా మాస్టారికి కిరీటి తనకి అనుకూలంగానే చెప్పాడు గాని, గేటు మాట మాత్రం మింగలేకపోయాడు. చెప్తున్నంతసేపూ మోకాలు ఆగలేదు. "మొన్న కంచరపాలెం మీదుగా వెళ్తుంటే వాడి షెడ్డు మూసి ఉంది మాస్టారూ. పట్టపగలు. మిషను మీద గోనెపట్టా కప్పి ఉంది, సందులోంచి కనిపించింది. శాస్తి జరిగిందనుకున్నాను. జరగాల్సిందే కదండీ? మరి ఇంటికొచ్చాక ముద్ద ఎందుకు దిగలేదో నాకు తెలియడం లేదు. నేను అన్నది అబద్ధమైతే బాధపడాలి. నిజం అన్నవాడికి ఈ యాతన ఏమిటండీ?"

చాపల మీద ఉన్నవాళ్లు అందరూ మాస్టారి వైపు చూశారు. ఈసారైనా జవాబు చెప్తారేమోనని. ఆయన లేచి కండువా దులుపుకున్నారు.

"పాఠం అయింది. చాపలు చుట్టెయ్యండి. కిరీటీ, బండి తియ్యి. మీ ఇంటికి పోదాం."

కిరీటి ఇంట్లో పావని కాఫీ ఇచ్చింది. మాస్టారు గ్లాసు పట్టుకుని, బానెట్ ఎత్తి ఉన్న కారు చుట్టూ ఒకసారి తిరిగారు. ఇంజను పక్కన, కింద, ఒక చిన్న మరబిరడా వైపు వేలు చూపించారు.

"దీన్ని విప్పావా?"

అది ప్రెషర్ వాల్వు బిరడా. దాని వెనక ఒక స్ప్రింగూ, వేలెడంత వాల్వూ ఉంటాయి. ఆయిల్ ప్రెషర్ మితిమీరితే అది తెరుచుకుని మిగులు ఆయిల్ని కిందికి వదిలేస్తుంది, మిగతా వేళల్లో మూసుకునే ఉంటుంది.

"అదేం పాడవుతుందండీ? ఫ్యాక్టరీ వాళ్లు పెట్టింది పెట్టినట్టే ఉంది. పంపు విప్పాను, బేరింగులు విప్పాను, అన్నీ రెండేసిసార్లు విప్పాను. దాని జోలికే పోలేదు."

"ఆ ఒక్కటీ విప్పు."

కిరీటికి ఒళ్లు మండింది. అయినా గురువు మాట. పానా తెచ్చి కారు కింద దూరాడు. విప్పుతున్నంతసేపూ ఒకటే అనుకుంటున్నాడు, లోపల ఏమీ లేదని తేలాలి, తేలితే తప్పు పైడిరాజుదేనని మాస్టారే ఒప్పుకుంటారు. ఒకవేళ ఏమైనా ఉంటే? ఎండలో నిలబడ్డ మనిషి కళ్లముందు మెదిలాడు. పానా జారి వేళ్ల కణుపులు చెక్కుకుపోయాయి. తిట్టుకుంటూ మళ్లీ పట్టు బిగించాడు.

బిరడా ఊడింది. స్ప్రింగు వచ్చింది. వాల్వు మాత్రం రాలేదు. చిన్న పటకారుతో పట్టి లాగితే వచ్చింది, దాంతోపాటు దాని పక్కన ఇరుక్కున్నదేదో కూడా అరచేతిలో పడింది. కిరీటి బయటికి వచ్చి వెలుతుర్లో చూశాడు. ఇనప ముక్క కాదు, గ్యాస్కెట్టు తునక కాదు. గుడ్డతో ఆయిలు తుడిచాడు. బియ్యపు గింజ. ఆయిల్లో నాని రంగు దిగినా పసుపు ఛాయ ఇంకా పోలేదు.

వాల్వుని మూసుకోనివ్వకుండా ఇన్నాళ్లూ అది అడ్డం పడి ఉంది. పంపు తోసిన ఆయిలంతా ఆ సందులోంచి కిందికి కారిపోతూ వచ్చింది. క్రాంకులో ఏ లోపమూ లేదు. ఆ సంగతి అర్థమవడానికి కిరీటికి క్షణం చాలు. కాని అర్థమైనది కడుపులోకి దిగకముందే అలవాటైన నోరు లేచింది.

"అక్షతలు! నీ పూజలు తగలెయ్య! ఇంజన్నేమన్నా పెళ్లికొడుకు అనుకున్నావా? నీకెన్నిసార్లు చెప్పాను పావనీ, నా పనిలో చెయ్యి పెట్టొద్దని! చూడు, చూడు ఏం చేశావో!"

గుమ్మంలో ఉన్న పావని కదల్లేదు. మామూలుగా ఒక్క మాట అని ఊరుకునే మనిషి. ఆ రోజు ఊరుకోలేదు.

"దసరాకి నేను కుంకుమబొట్టు పెట్టానండీ, అంతే. అక్షతల పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. వేసింది మాస్టారు."

కిరీటి అరచేతిలోని గింజ వైపు మళ్లీ చూశాడు. అవును. విజయదశమి. బ్లాకూ క్రాంకూ పైడిరాజు షెడ్డునుంచి వచ్చిన వారంలోనే. ఖాళీ బ్లాకుకి బంతిపూల దండ వేసి స్టాండు మీద నిలబెట్టాడు. ఆయుధపూజ కదా, గురువుగారి చేత్తో ఆశీర్వాదం కావాలని తనే వెళ్లి ఆయన్ని తీసుకొచ్చాడు. మాస్టారు అక్షతలు తీసుకుని బ్లాకుకి కప్పిన ప్లాస్టిక్ కవరు మీద వెయ్యబోతే, కవరు మీద వేస్తే ఇంజనుకి ఏం అందుతాయి మాస్టారూ అంటూ తనే కవరు సర్రున లాగేశాడు. నోళ్లు తెరుచుకుని ఉన్న ఇంజను మీద మాస్టారు కళ్లు మూసుకుని నిర్విఘ్నమస్తు అని నిండు గుప్పెడు వేశారు. తరవాత తనే ఊది, తుడిచి, గింజలు ఏరాడు. ఒకటి మిగిలిపోయింది.

కిరీటి మాస్టారి వైపు తిరిగాడు. అప్పటిదాకా ఎర్రగా ఉన్న మొహంలోకి నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో వచ్చేసింది.

"అయ్యయ్యో, మాస్టారూ! మీరేం మనసులో పెట్టుకోకండి. ఒక్క గింజ, అంతే కదా! ఇలాంటివి ఎవరికైనా జరుగుతాయండీ. మీరేమన్నా కావాలని చేశారా? కవరు లాగింది నేనాయె, అసలు తప్పు నాదే. మీరు కూర్చోండి. పావనీ, మాస్టారికి ఇంకో కాఫీ."

పావని లోపలికి వెళ్లలేదు. అతని వైపే చూస్తూ నిలబడింది. మాస్టారు అరుగు మీద కూర్చున్నారు. కిరీటి వాల్వు కడిగి, తుడిచి, స్ప్రింగు పెట్టి బిరడా బిగించాడు. సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. ముల్లు వణికి, కదిలి, నిదానంగా పైకి లేచి ఎక్కడ నిలబడాలో అక్కడ నిలబడింది.

ఇన్ని నెలలు ఏ ముల్లు లేవాలని తిండీ నిద్రా మాని తిరిగాడో అది లేచింది. గంతెయ్యాలి. ఇల్లు ఎగిరిపోయేలా అరవాలి. కిరీటి స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. మీరేమన్నా కావాలని చేశారా అన్న తన మాటే తన చెవిలో తిరుగుతోంది. ఆ మాట తనకి ఇంకొకరు అన్నారు. గేటు అవతలనుంచి. దానికి తను ఏం జవాబిచ్చాడో కూడా అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

మాస్టారు అరుగు మీదినుంచి లేచి కారు తలుపు దగ్గరికి వచ్చారు. ఇంజను చప్పుడులో వినబడడానికి కొంచెం వంగారు.

"నన్నేమీ అనలేదేం?"

"మిమ్మల్నా? మిమ్మల్ని అనడమేమిటండీ..." అన్నాడు కిరీటి. చెయ్యి దానంతటదే వెళ్లి తాళం కట్టేసింది. అతనికి మాస్టారి మొహంలోకి చూడడానికి ధైర్యం చాల్లేదు. పావని మొహంలోకి అసలే చాల్లేదు.

కారు దిగి, మూలనున్న బకెట్లో చేతులు కడుక్కున్నాడు. గోళ్లలో మరక పోలేదు, అయినా కడిగాడు. జేబులోంచి ఫోను తీశాడు. గ్రూపు తెరిచి ఏదో రాయబోయాడు, చెరిపేశాడు, మళ్లీ రాయబోయాడు. ఇది ఫోనులో రాసి చేతులు దులుపుకునే పని కాదని అతనికే తోచింది. రాయాలి, అందరూ చూసేలా రాయాలి, కాని అది రెండోది. ముందు ఎండలో నిలబడి వెళ్లినవాడి గుమ్మం ముందు తను నిలబడాలి. ఆ షెడ్డు తెరిచి ఉంటుందో లేదో. తెరిచి ఉన్నా తనని రానిస్తాడో లేదో. పొద్దున్నించి అంత వాగిన మనిషి, గేటు దగ్గరికి వెళ్లి గడియ మీద చెయ్యి వేసి అక్కడే ఆగిపోయాడు.

"వాడితో ఏమని చెప్పనండీ?" అన్నాడు. ఈసారి తెలియకే అడిగాడు.

సింహాద్రి మాస్టారు చెప్పులు తొడుక్కుంటున్నారు. ఎవరు ఏమడిగినా జవాబు చెప్పని ఆ మనిషి తలెత్తకుండానే చెప్పారు.

"గింజ నేను వేశానని చెప్పు. అంతవరకే నాది."